కుక్కల ఇంద్రియ జ్ఞానం

కుక్కల ఇంద్రియ జ్ఞానం అనగా పెంపుడు కుక్కలు (శాస్త్రీయ నామం: కానిస్ ఫెమిలియారిస్) వాసన, వినికిడి, చూపు, స్పర్శ, రుచి ద్వారా తమ పరిసరాలను గ్రహించే విధానం. మానవుడు ప్రపంచాన్ని ప్రధానంగా కళ్ళతో తెలుసుకొంటాడు. కుక్క ప్రధానంగా ముక్కుతో తెలుసుకొంటుంది. ఈ భేదం వల్ల ఒకే వీధిలో, ఒకే అడవిలో తిరిగే మనిషికీ, కుక్కకూ తెలిసే విషయాలు వేరువేరుగా ఉంటాయి. కుక్కలకున్న ఈ శక్తిని మనుషులు వేటకు, కాపలాకు, నేరపరిశోధనకు, ప్రమాదస్థలాల్లో గాలింపుకు వేల సంవత్సరాలుగా వినియోగించుకొంటున్నారు. తెలంగాణలోని అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంతాలలో చెంచుల జీవనంలోనూ, 2025లో దోమలపెంట సొరంగ ప్రమాదంలోనూ దీనికి ఉదాహరణలు కనిపిస్తాయి.

నేపథ్యం

ప్రతి జంతువూ తన ఇంద్రియాలకు అందినంత మేరకే ప్రపంచాన్ని ఎరుగుతుందనీ, ఆ మేరకు ప్రతి జాతికీ తనదైన ఒక లోకం ఉంటుందనీ 20వ శతాబ్దం ఆరంభంలో జీవశాస్త్రవేత్త యాకోబ్ ఫాన్ ఉక్స్‌క్యూల్ ప్రతిపాదించాడు. ఆయన దీనికి జర్మన్ భాషలో "ఉమ్‌వెల్ట్" అని పేరు పెట్టాడు. కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసేవారు నేటికీ ఈ భావనను ఆధారంగా తీసుకొంటారు.

కుక్కపిల్ల పుట్టినప్పుడు దాని కళ్ళు, చెవులు మూసుకొని ఉంటాయి. సుమారు రెండు వారాలకు కళ్ళు తెరచుకొంటాయి. చెవులు తెరచుకోవడానికి రెండు నుండి మూడు వారాలు పడుతుంది. అంతవరకు అది వాసన, స్పర్శ, వెచ్చదనాల ఆధారంగానే తల్లిని, పాలను వెతుక్కొంటుంది. అనగా కుక్క జీవితం వాసనతోనే మొదలవుతుంది.

వాసన

ముక్కు నిర్మాణం

మానవుని ముక్కులో సుమారు 50 లక్షల నుండి 60 లక్షల ఘ్రాణ గ్రాహక కణాలు ఉంటాయని అంచనా. కుక్కలలో ఈ సంఖ్య జాతిని బట్టి 10 కోట్ల నుండి 30 కోట్ల వరకు ఉంటుంది. వాసనను గుర్తించే ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు మానవులలో సుమారు 400 పనిచేస్తుండగా, కుక్కలలో సుమారు 800 పనిచేస్తున్నాయి. ఈ జన్యువుల కుటుంబాన్ని కనుగొన్నందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది.

కుక్క ముక్కులోపల కాగితపు చుట్టల వలె ముడుచుకొన్న సన్నని ఎముకలు ఉంటాయి. లోపలికి పీల్చిన గాలి ఇక్కడ రెండు పాయలుగా విడిపోతుంది. అధికభాగం ఊపిరితిత్తులకు పోగా, సుమారు 12 శాతం గాలి వెనుకనున్న ఘ్రాణ ప్రాంతానికి చేరి అక్కడ కొంతసేపు నిలుస్తుంది. మానవులలో ఇటువంటి ప్రత్యేక మార్గం లేదు. విడిచే గాలి ముక్కు రంధ్రాల పక్కనున్న చీలికల గుండా వెనుకకు, పక్కలకు పోతుంది. కనుక అది ఎదుటనున్న వాసనను చెదరగొట్టదు. వాసన చూసే సమయంలో కుక్క సెకనుకు సుమారు ఐదుసార్లు గాలిని ఎగబీలుస్తుంది. ముక్కు కొన తడిగా ఉండటం వలన వాసన కణాలు దానికి అంటుకొంటాయి.

నోరు తెరచి ఒగర్చే కుక్క వాసనను సరిగా పట్టలేదు. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాలలో మాత్రమే ఉంటాయి. అందువలన అది ఒగర్చడం ద్వారానే శరీర వేడిని తగ్గించుకొంటుంది. ఎండలో పనిచేసే జాగిలాలకు నీడ, నీరు, విశ్రాంతి ఇవ్వడానికి ఇదొక ముఖ్య కారణం.

అన్ని వాసనల విషయంలోనూ కుక్క మానవుని కంటే ఇన్ని రెట్లు మిన్న అని ఒకే సంఖ్య చెప్పడం సరికాదు. తేడా పదార్థాన్ని బట్టి మారుతుంది. ప్రయోగాలలో కొన్ని పదార్థాలను మానవులే కుక్కల కంటే తక్కువ మోతాదులో పసిగట్టారు.

రెండవ ఘ్రాణేంద్రియం

కుక్క అంగిలి పైభాగాన, ముందు పళ్ళ వెనుక జాకబ్సన్ అవయవం అనే మరొక ఇంద్రియం ఉంది. ఇతర కుక్కల మూత్రంలోను, శరీర స్రావాలలోను ఉండే రసాయన సంకేతాలను గ్రహించడానికి ఇది తోడ్పడుతుంది. వీధి మూలనున్న స్తంభం వద్ద కుక్క చాలాసేపు ఆగి వాసన చూడటం దాని దృష్టిలో వృథా పని కాదు. అక్కడికి వచ్చిపోయిన కుక్క ఆడదా, మగదా, ఎదకు వచ్చినదా, ఎంతసేపటి క్రితం వచ్చినది వంటి సంగతులు ఆ వాసన ద్వారా దానికి తెలుస్తాయి.

జాడ పట్టడం

మనిషి నడిచే దారిలో చర్మం నుండి రాలే సూక్ష్మమైన పొట్టు, చెమట, నలిగిన గడ్డి, కదిలిన మట్టి కలిసి ఒక వాసన బాటను ఏర్పరుస్తాయి. కాలం గడిచేకొద్దీ ఆ వాసన తగ్గుతుంది. శిక్షణ పొందిన కుక్కలు కేవలం ఐదు అడుగుజాడలను వాసన చూసి మనిషి ఏ దిక్కుగా వెళ్ళాడో చెప్పగలవని ప్రయోగాలలో తేలింది. పాత అడుగుకూ, కొత్త అడుగుకూ మధ్య వాసనలోని స్వల్పభేదమే దీనికి ఆధారం. అనగా వాసన ద్వారా కుక్కకు స్థలంతోపాటు కాలం కూడా తెలుస్తుందని చెప్పవచ్చును.

వాసన పట్టే పని ప్రధానంగా రెండు విధాలు:
* నేల జాడ: ముక్కును నేలకు ఆనించి అడుగుల వెంట పోవడం. ఒక నిర్దిష్ట వ్యక్తిని వెతకడానికి ఉపయోగపడుతుంది.
* గాలి జాడ: తల ఎత్తి గాలిలో తేలివచ్చే వాసనను పట్టి, అది ఎక్కువయ్యే వైపు సాగడం. శిథిలాలలో చిక్కుకొన్నవారిని వెతకడానికి ఉపయోగపడుతుంది.

వినికిడి

మానవుని చెవి 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం గల ధ్వనులను వినగలదు. కుక్క సుమారు 67 నుండి 45,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. కనుక బాగా మంద్రమైన ధ్వనులలో మనిషి చెవి మెరుగు కాగా, తారస్థాయి ధ్వనులలో కుక్క చెవి మెరుగు. ఎలుకలు చేసే సన్నని కీచు ధ్వనులు మనకు వినిపించవు. కుక్కకు వినిపిస్తాయి. మనుషులకు వినబడని ఈల 19వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ గాల్టన్ రూపొందించినది. కుక్కల శిక్షణలో వాడే ఈలలకు అదే మూలం.

కుక్క చెవిని కదిలించే కండరాలు డజనుకు పైగా ఉన్నాయి. అందువలన అది తల తిప్పకుండానే చెవులను ధ్వని వచ్చే వైపు తిప్పగలదు. అయితే ధ్వని వచ్చే దిక్కును కచ్చితంగా నిర్ణయించడంలో మానవుడే మెరుగు. మానవుడు ఒకటి రెండు డిగ్రీల తేడాను గుర్తించగలడు. కుక్కకు సుమారు ఎనిమిది డిగ్రీల తేడా కావాలి. దీపావళి టపాకాయలకు, ఊరేగింపులలోని పెద్ద పెట్టెల ధ్వనికి కుక్కలు బెదరి పారిపోవడం, మూలన దాగడం సాధారణం. అటువంటి సమయంలో వాటిని ఇంటిలో ఉంచడం మంచిది.

చూపు

కుక్కలకు నలుపు తెలుపు మాత్రమే కనిపిస్తాయన్న నమ్మకం తప్పు. మానవుని రెటీనాలో మూడు రకాల శంకు కణాలు ఉండగా, కుక్కలలో రెండు రకాలున్నాయి. జే నీట్జ్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం ఈ రెండు రకాలు సుమారు 429, 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల వద్ద అధికంగా స్పందిస్తాయి. అనగా కుక్కలు నీలం, పసుపు రంగులను వేరుచేసి చూడగలవు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేయలేవు. పచ్చగడ్డిలో పడిన ఎర్రబంతిని కుక్క కంటితో కాక ముక్కుతో వెతకడానికి ఇదే కారణం.

మానవునితో పోల్చినపుడు కుక్క చూపులోని ముఖ్య భేదాలు:
* స్పష్టత: మామూలు చూపుగల మనిషి సుమారు 75 అడుగుల నుండి గుర్తించగల వివరాన్ని కుక్క 20 అడుగుల దూరం నుండి మాత్రమే గుర్తిస్తుంది.
* రాత్రి చూపు: రెటీనా వెనుకనున్న టపేటం లూసిడం అనే మెరిసే పొర కాంతిని తిరిగి రెటీనాపైకి పంపుతుంది. చీకట్లో బండి దీపం పడినపుడు కుక్కల కళ్ళు మెరవడానికి ఈ పొరే కారణం.
* వెడల్పు: మానవుని దృష్టి క్షేత్రం సుమారు 180 డిగ్రీలు. కుక్కలలో ఇది చాలా జాతులకు సుమారు 240 డిగ్రీలు.
* కదలిక: కదలని వస్తువు కంటే కదిలే వస్తువును కుక్క సులభంగా పసిగడుతుంది. పారిపోయే మనిషిని, సైకిలును వెంబడించడంలో ఈ లక్షణానికి కూడా పాత్ర ఉంది.

దక్షిణ భారతదేశపు ముధోల్, చిప్పిపరై, రాజపాళయం వంటి వేట జాతులు చూపుతో, వేగంతో వేటాడేవిగా పేరుపొందాయి. కోస్తా ఆంధ్రకు చెందిన జోనంగి కూడా తెలుగువారికి పరిచయమైన నాటు జాతియే.

స్పర్శ, వెచ్చదనం

కుక్క మూతిపైన, కనుబొమల వద్ద, గడ్డం కింద ఉండే మొరటు వెంట్రుకల మొదళ్ళలో నాడులు దట్టంగా ఉంటాయి. గాలి కదలికను, దగ్గరగా వచ్చిన వస్తువును ఇవి తెలుపుతాయి. కనుక అలంకరణ కోసం వీటిని కత్తిరించడం తగదు. కుక్క ముక్కు కొన చల్లగా ఉంటుంది. కొంత దూరం నుండి వచ్చే స్వల్ప వెచ్చదనాన్ని కూడా ఈ కొన గుర్తించగలదని స్వీడన్, హంగేరీ శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించారు.

రుచి

మానవుని నాలుకపై సుమారు 9,000 రుచి మొగ్గలు ఉండగా, కుక్క నాలుకపై సుమారు 1,700 మాత్రమే ఉన్నాయి. తిండిని ఎంచుకోవడంలో కుక్క రుచి కంటే వాసనకే అధిక ప్రాధాన్యత ఇస్తుంది. పిల్లికి తీపి తెలియదు, కుక్కకు తెలుస్తుంది. ఈ తీపి ఇష్టమే ప్రమాదకరం కూడా. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, జైలిటాల్ కలిసిన చూయింగ్ గమ్ కుక్కలకు విషతుల్యాలు. ఉల్లి, వెల్లుల్లి కూడా హానికరాలే.

మనిషిని గ్రహించడం

కుక్క మనిషి ముఖాన్ని, చేతి సైగను, గొంతును, వాసనను కలిపి అర్థం చేసుకొంటుంది. మెలకువగా ఉన్న కుక్కల మెదడును స్కానింగ్ యంత్రంలో పరిశీలించే పద్ధతిని అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం 2012లో ప్రకటించింది. మాటలోని పదాన్ని, పలికే తీరును కుక్క మెదడు వేరువేరుగా పరిశీలిస్తుందని హంగేరీకి చెందిన ఆటిలా ఆండిక్స్ బృందం 2016లో తెలిపింది. ఒత్తిడికి లోనైన మనిషి చెమట, ఊపిరి వాసనలను, అదే మనిషి ప్రశాంతంగా ఉన్నప్పటి వాసనల నుండి కుక్కలు వేరుచేయగలవని 2022లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులు చూపారు.

ఈ శక్తి పెంపుడు కుక్కలకే పరిమితం కాదు. కోల్‌కతాలోని ఐసర్ సంస్థకు చెందిన అనిందిత భద్ర బృందం భారతీయ వీధికుక్కలపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఏ శిక్షణా లేని వీధికుక్కలలో కూడా, పరీక్షలో ముందుకు వచ్చినవాటిలో అధికభాగం, మనిషి వేలుపెట్టి చూపిన వైపు వెళ్ళాయి.

నల్లమలలో కుక్కలు

అచ్చంపేట పట్టణం నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల కొండల అంచున ఉన్నది. 2016 వరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఇక్కడికి దక్షిణాన అమ్రాబాద్ పీఠభూమి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నాయి. ఈ అడవులలోని ఆదిమవాసులు చెంచులు. వారి ఆవాసాలను పెంటలు అంటారు. 1940 ప్రాంతంలో ఈ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1943లో వారిపై ఒక గ్రంథాన్ని ప్రచురించాడు.

దుంపలు, తేనె, అటవీ ఫలసాయం సేకరించే చెంచులకు కుక్క చిరకాల సహచరి. విల్లంబులతో వేటాడిన కాలంలో జంతువు జాడను పట్టడం, పొదలోని దానిని లేపడం, గాయపడి పారిపోయినదానిని వెతకడం కుక్క పనులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నిషిద్ధమైంది. కాని పెంటలో కుక్క అవసరం తీరిపోలేదు. రాత్రివేళ ఎలుగుబంటి, చిరుత గుడిసెల సమీపానికి వస్తే మనుషుల కంటే ముందు కుక్కలకే తెలుస్తుంది. దట్టమైన అడవిలో చూపు కొద్ది గజాలకు మించి పారదు. అటువంటిచోట గాలివాటున వచ్చే వాసనను, ఎండుటాకుల చప్పుడును పసిగట్టే సహచరి విలువ ఎక్కువ. అడవి ఆనవాళ్ళను చదవడంలో చెంచులు స్వయంగా నిపుణులు. అటవీశాఖ వారిని పులుల జాడ తీయడానికి, అడవి కాపలాకు నియమించుకొంటున్నది.

ఈ అడవులలో రేచుకుక్కలు (శాస్త్రీయ నామం: క్యువాన్ ఆల్పినస్) కూడా ఉన్నాయి. ఇవి ఊరకుక్కలకు దూరపు బంధువులు. ఇవి గుంపుగా వేటాడుతాయి. పొదలలో ఒకదానికొకటి కనిపించని వేళ ఈల వంటి ధ్వనితో పిలుచుకొంటాయి. ప్రపంచవ్యాప్తంగా ఇవి అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి.

ఊరకుక్కల నుండి అడవి జంతువులకు డిస్టెంపర్ వంటి వ్యాధులు సోకే ప్రమాదం ఉంది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో పలు సింహాలు ఈ వైరస్ వలన మరణించాయి. అందువలన అభయారణ్యాల చుట్టుపక్కల గ్రామాలలో కుక్కలకు టీకాలు వేయడం అడవికీ, ఊరికీ కూడా మేలు.

దోమలపెంట సొరంగంలో గాలింపు

శ్రీశైలం జలాశయం నీటిని నల్లగొండ ప్రాంతానికి తరలించడానికి ఉద్దేశించిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం (ఎస్‌ఎల్‌బీసీ) ఒక చివర అమ్రాబాద్ మండలంలోని దోమలపెంట వద్ద ఉన్నది. 2025 ఫిబ్రవరి 22న సొరంగంలో సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, నీరు, బురద, రాళ్ళు ముంచెత్తాయి. ఎనిమిది మంది లోపల చిక్కుకొన్నారు. వారు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్మూ కాశ్మీర్, పంజాబ్‌ల నుండి పనికి వచ్చినవారు.

సైన్యం, జాతీయ విపత్తు స్పందన దళం, సింగరేణి సిబ్బందితో సహా అనేక బృందాలు గాలింపులో పాల్గొన్నాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నేలలోకి చొచ్చుకుపోయే రాడార్‌తో పరీక్షలు జరిపింది. బురదలో ఇనుము, యంత్రభాగాలు కలిసిపోయి ఉన్నచోట రాడార్ సంకేతం మనిషిదో, ఇనుముదో తేల్చడం కష్టం. మార్చి మొదటివారంలో కేరళ పోలీసుశాఖ మృతదేహాలను గుర్తించడంలో శిక్షణ పొందిన జాగిలాలను పంపింది. మాయ, మర్ఫీ అను ఈ రెండూ బెల్జియన్ మాలినోయి జాతికి చెందినవి. అవి సూచించిన ప్రాంతంలో తవ్వకాలు సాగించగా మార్చి 9న ఒక మృతదేహం లభించింది. మార్చి 25న మరొకటి లభించింది. ఏప్రిల్ చివరలో గాలింపు నిలిపివేసే నాటికి మిగిలిన ఆరుగురి ఆచూకీ తెలియలేదు.

ఇటువంటి జాగిలాలు మృతదేహం విచ్ఛిన్నమయ్యేటప్పుడు వెలువడే పుట్రెసిన్, కడావరిన్ మొదలైన పదార్థాల మిశ్రమ వాసనను గుర్తించేలా శిక్షణ పొందుతాయి. వాసన ఎల్లప్పుడూ దేహానికి సరిగ్గా పైన వెలువడదు. అది నీటి వెంట, రాళ్ళ సందుల వెంట ప్రయాణించి వేరొకచోట పైకి రావచ్చును. కనుక కుక్క చూపేది ఒక బిందువును కాక, వెతకవలసిన ప్రాంతాన్ని. దానిని అర్థం చేసుకొని తవ్వే చోటును నిర్ణయించడం శిక్షకుని, ఇంజనీర్ల పని. ఆప్తుల కోసం సొరంగం బయట ఎదురుచూసిన కుటుంబాలకు ఆ సూచన ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇతర వినియోగాలు

* పోలీసుశాఖ: హైదరాబాదు సమీపంలోని మొయినాబాద్‌లో గల శిక్షణ కేంద్రంలో తెలంగాణ పోలీసు జాగిలాలకు పేలుడు పదార్థాలు, మాదకద్రవ్యాలు, నేరస్థుల జాడ గుర్తించడంలో శిక్షణ ఇస్తారు.
* వన్యప్రాణి రక్షణ: పులి చర్మం, ఎముకలు, ఏనుగు దంతాల వంటివాటిని పసిగట్టే జాగిలాల శిక్షణను ట్రాఫిక్ సంస్థ భారతదేశంలో 2008లో ప్రారంభించింది.
* వైద్యం: ఒక పెంపుడు కుక్క తన యజమానురాలి కాలిపైనున్న పుట్టుమచ్చను పదేపదే వాసన చూడగా, అది చర్మ క్యాన్సర్ అని తేలిన ఉదంతం 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. భారత సైన్యం 2021లో కోవిడ్‌ను గుర్తించడానికి కుక్కలకు శిక్షణ ఇచ్చింది.

కుక్కకాటు, జాగ్రత్తలు

కుక్క ఇంద్రియాలు పనిచేసే తీరు తెలిస్తే కాటు ప్రమాదాన్ని కొంతవరకు తగ్గించవచ్చును. ఈ విషయాలు పిల్లలకు నేర్పదగినవి:
* నిద్రించే, తినే, పిల్లలకు పాలిచ్చే కుక్కను తాకరాదు.
* కుక్క కళ్ళలోకి తదేకంగా చూడరాదు. దానిని అది సవాలుగా భావించవచ్చు.
* కుక్క వెంటపడినపుడు పరుగెత్తరాదు. కదలకుండా, చేతులు దగ్గరగా పెట్టుకొని నిలబడి, అది ఆసక్తి కోల్పోయాక నెమ్మదిగా తప్పుకోవాలి.
* తోక ఊపడం ఎల్లప్పుడూ స్నేహసూచకం కాదు. బిగుసుకొన్న శరీరం, వెనక్కు వాలిన చెవులు, గుర్రుమనడం హెచ్చరికలు.

కుక్క కరచినా, గీరినా గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. పసర్లు, కారం, సున్నం, పసుపు పూయరాదు. ఆ తరువాత ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళి రేబీస్ టీకాలను చెప్పిన తేదీలలో పూర్తిగా వేయించుకోవాలి. రక్తం వచ్చేలా కరచినపుడు గాయం వద్ద ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. లక్షణాలు బయటపడిన తరువాత రేబీస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. సకాలంలో సరైన చికిత్స తీసుకొంటే దాదాపు పూర్తిగా నివారించదగినదే.

అపోహలు, వాస్తవాలు

* కుక్కలకు రంగులు కనిపించవు: నీలం, పసుపు కనిపిస్తాయి.
* ముక్కు పొడిగా ఉంటే కుక్కకు జబ్బు చేసినట్లే: నిద్ర లేచినప్పుడు, ఎండలో తిరిగినప్పుడు ఆరోగ్యంగల కుక్క ముక్కు కూడా పొడిబారవచ్చు.
* మొరిగే కుక్క కరవదు: ఇది సామెత మాత్రమే. మొరిగే కుక్క కూడా కరవవచ్చు.
* కుక్క రాత్రి ఏడిస్తే అశుభం: ఊళపెట్టడం దూరానున్న కుక్కలతో సంభాషించే పద్ధతి. మనకు వినబడని ధ్వనికి స్పందనగా కూడా అది జరగవచ్చును.

ఇవి కూడా చూడండి

* కుక్క
* రేచుకుక్క
* చెంచులు
* అచ్చంపేట
* అమ్రాబాద్ పులుల అభయారణ్యం
* రేబీస్